పాత సయాన్ 5ఎంఎక్స్‌కి ఇంకా ఇంత ధర ఎందుకు?

నమస్కారమండీ, మాది విశాఖ, ఎంవీపీ కాలనీ. కథలు రాసుకోవడానికి సెకండ్ హ్యాండ్‌లో సయాన్ సిరీస్ 5ఎంఎక్స్ అనే చిన్న చేతి కంప్యూటర్ కొందామనుకుంటున్నాను. అది 1999 మోడల్. 2001లోనే కంపెనీ ఈ చేతి కంప్యూటర్ల వ్యాపారం నుంచి తప్పుకుంది. అయినా బాగా పనిచేసేదానికి కొత్త ఫోన్ ధర చెబుతున్నారు!

రెండు పెన్సిల్ సెల్స్‌తో నడుస్తుంది. మూత తెరవగానే ముందుకు జారే ఆ కీబోర్డు నాకు చాలా ఇష్టం. ధరకు కారణం అదేనా? లేక మడత దగ్గర స్క్రీన్ కేబుల్ తెగిపోతూ మంచివి అరుదైపోవడమా?

మన ఉప్పుగాలికి సెల్స్ పెట్టేచోట తుప్పు పడుతుందేమోనని కూడా టెన్షన్. ద్వారకానగర్ షాపుల్లో దీని పేరే తెలియదన్నారు. ఆ కేబుల్ మార్చగలిగినవాళ్లు విశాఖలో ఎవరైనా ఉన్నారా? కొనేముందు ఏమేం చూసుకోవాలో దయచేసి చెప్పండి.