బఠాణీల మీద నడక: గ్రిమ్ కథను క్వీర్ దృష్టితో చదవవచ్చా?

ప్రశ్న (పర్లాకిమిడి నుంచి ఒక ఉపాధ్యాయురాలు)

అందరికీ నమస్కారం. ఆదివారాలు మా వీధి పిల్లలకు తెలుగులో కథలు చదివి వినిపిస్తుంటాను. ఈసారి జర్మన్ జానపద కథలు సేకరించిన గ్రిమ్ సోదరుల ‘పన్నెండుగురు వేటగాళ్లు’ చదివాను. మగవేషంలో కొలువుకు చేరిన రాకుమార్తెనూ, ఆమె పోలికలే ఉన్న పదకొండుగురు కన్యలనూ పట్టించడానికి రాజుగారి సింహం నేలమీద బఠాణీలు చల్లించమంటుంది. మగవాళ్లైతే గట్టిగా అడుగు వేస్తారని, ఆడవాళ్లైతే తడబడి జారుతారని దాని లెక్క. సంగతి ముందే తెలియడంతో వాళ్లు వాటిని గట్టిగా తొక్కుకుంటూ దాటేస్తారు. “అయితే గట్టిగా నడిస్తే మగవాడైపోయినట్టేనా?” అని ఒక పాప అడిగింది. ఇలాంటి కథలకు క్వీర్ సిద్ధాంతాన్ని (ఆడ, మగ అనే హద్దులనూ లైంగికత గురించిన కట్టుబాట్లనూ ప్రశ్నించే ఆలోచనను) అన్వయించడం సబబేనా, లేక లేని అర్థాన్ని అంటగట్టడమా?

సమాధానం 1 (బరంపురం)

ఆ పాప అడిగినదే ఆ సిద్ధాంతమూ అడుగుతుందండీ. ఆడతనం, మగతనం లోపల స్థిరంగా ఉన్న గుణాలు కావని, పదే పదే చేసే చేష్టల వల్లనే సహజమైనవిగా కనబడతాయని అమెరికన్ తత్వవేత్త జుడిత్ బట్లర్ 1990లో వాదించారు. రెండో పరీక్షగా రాట్నాలు పెట్టించినప్పుడు వాళ్లు అటు కన్నెత్తి చూడరు. దాంతో రాజు సింహం మాట నమ్మడమే మానేస్తాడు. ఠాకురాణి అమ్మవారి యాత్రలో మొక్కు తీర్చుకోవడానికి వేషాలు కట్టే మా ఊరివాళ్లకు ఇది వింతగా తోచదు.

సమాధానం 2 (రాయగడ)

వేషం వేరు, అస్తిత్వం వేరు. ఈ రాకుమార్తె మగవాడు కావాలనుకోలేదు. తనను కాదని మరో పెళ్లికి సిద్ధపడిన వరుడికి, అంటే ఆ రాజుకే, దగ్గరగా ఉండాలనుకుంది, అంతే. ఆమె మూర్ఛపోయినప్పుడు రాజు చేతితొడుగు లాగి తానిచ్చిన ఉంగరాన్ని గుర్తుపట్టడంతో కథ మళ్లీ పాత కట్టుబాట్లలోకే వచ్చి పడుతుంది. లింగ అస్తిత్వం గురించే మాట్లాడాలంటే మహాభారతం అనుశాసన పర్వంలోని భంగాశ్వనుడి కథ మేలు. ఇంద్రుడి ఆగ్రహం వల్ల దారి తప్పి, సరస్సులో స్నానం చేసి స్త్రీగా మారిన ఆ రాజును, చివరికి ఇంద్రుడే కరుణించి మళ్లీ పురుషత్వం కావాలా అని అడిగితే, స్త్రీగానే ఉండిపోతానని జవాబు వస్తుంది. అందుకు చెప్పిన కారణాన్ని మాత్రం చిన్నపిల్లల ముందు దాటవేయక తప్పదు.

సమాధానం 3 (జయపురం)

నడక మాట వచ్చింది కనుక, 1837లో డెన్మార్క్ రచయిత ఆండర్సన్ ప్రచురించిన జలకన్య కథనూ చేర్చండి. తన స్నేహితుడు ఎడ్వర్డ్ కొలిన్‌పై ఆయన పెంచుకున్న ప్రేమను విమర్శకులు ఇందులో చూస్తారు గానీ, పిల్లలకు ఆ జీవితచరిత్ర అక్కర్లేదు. గొంతునిచ్చి కాళ్లు తెచ్చుకున్న ఆమెకు అడుగడుగునా కత్తుల మీద నడిచినట్టుంటుంది. అయినా ఆమె అంత అందంగా నృత్యం చేసినవారు లేరని కొలువంతా మెచ్చుకుంటుంది. పైకి కనిపించే నడకకూ లోపలి బాధకూ ఉన్న ఈ ఎడాన్ని మీ పాప తప్పక పట్టుకుంటుంది.