రక్తం పలుచన చేసే మాత్ర వాడేవాళ్లు ఆకుకూరలు పూర్తిగా మానేయాలా?

ఆదోని_కుర్రోడు: మా అమ్మ గుండెకు మెటల్ వాల్వ్ వేశారు. వార్ఫరిన్ వాడుతోంది. ఆకుకూరల్లో విటమిన్ కె ఉంటుంది, ముట్టొద్దని ఊళ్లో అందరూ అంటున్నారు. సంగటిలోకి తోటకూర పప్పు లేనిదే ఆమెకు ముద్ద దిగదు. మానిపించాలా?

హంద్రీగట్టు: మానిపించాల్సిందే తమ్ముడూ. రక్తం గడ్డకట్టించే ప్రోటీన్లు కాలేయంలో సరిగ్గా తయారవ్వాలంటే కె కావాలి, వార్ఫరిన్ ఆ కె పనికే అడ్డం పడుతుంది. ఇటు మాత్ర వేసి అటు ఆకు పెడితే ఏం లాభం? మా నాయనకు ఐఎన్ఆర్ (రక్తం ఎంత పలుచగా ఉందో చెప్పే పరీక్ష అంకె, పెరిగేకొద్దీ పలుచన) 2.5 పైన ఉండాలన్నారు, 1.4కు పడిపోయి వాల్వ్ మీద గడ్డ కట్టింది. ముందు వారమంతా మునగాకే తిన్నాడు.

పప్పుగుత్తి: పూర్తిగా మానడం తప్పన్నా. రోజూ ఒకే లెక్కన తింటే డాక్టరు దానికి తగ్గట్టు డోసు పెడతారు. మా అత్తకు ఆరు నెలలు ఆకు పెట్టలేదు, జ్వరానికి యాంటీబయాటిక్ వాడేసరికి ఐఎన్ఆర్ 6 దాటి చిగుళ్ల నుంచి రక్తం కారింది.

సీమబిడ్డ: పుట్టిన బిడ్డకు తొడకు వేసే సూది కూడా ఈ కె యే కదా? తల్లిపాలలో తక్కువ ఉంటుందని వేస్తారు.

హంద్రీగట్టు: పసిబిడ్డల సంగతి ఇక్కడెందుకు? మునగాకు తిన్నాడు, గడ్డ కట్టింది. దానికి జవాబు చెప్పండి.

పప్పుగుత్తి: అంతకుముందు పరీక్ష ఎప్పుడు చేయించారు?

హంద్రీగట్టు: నాలుగు నెలల ముందు. అయితే?

పప్పుగుత్తి: నెలనెలా చూపించి ఉంటే తగ్గుతోందని ముందే తెలిసేదేమో కదన్నా! మా ఇంట్లోనూ ఇంతే, వంట చేసిన కోడలిని అందరూ అన్నారు, పరీక్షకు తీసుకుపోని కొడుకులను ఒక్కరూ అనలేదు.

హంద్రీగట్టు: మాట తూలొద్దు. మా ఊరి నుంచి కర్నూలు పోయి రావాలంటే ఇద్దరి బస్సు చార్జీలు, ఒక రోజు కూలి పోతాయి. శనక్కాయలు పీకే రోజుల్లో ఎవరు పోతారు? పరీక్షకే పోలేనివాడికి లెక్కగా తిను అంటే ఏం చేస్తాడు? మానెయ్ అంటే కనీసం అర్థమవుతుంది.

పప్పుగుత్తి: ఆకు మానినా పరీక్ష తప్పదన్నా. దగ్గర్లో చేసే ల్యాబ్ లేకపోవడం మీద మాట్లాడండి, మీతోపాటు నేనూ అడుగుతాను. మునగాకు మీద కాదు.

ఆదోని_కుర్రోడు: అమ్మకు చేయించి తొమ్మిది వారాలైంది. సోమవారం తీసుకుపోతున్నా. రోజూ పిడికెడు తోటకూర అని చెబితే సరిపోతుందా అక్కా, వండకముందు పిడికెడా, వండినాకా?