అప్‌డేట్: అనుభవం ఎక్కువుంటే మంచి అధ్యక్షుడవుతాడా? జవాబు దొరికింది

రాజకీయ అనుభవం ఎన్నేళ్లుంటే అమెరికా అధ్యక్షుడు అంత సమర్థుడవుతాడా అని సెమినార్ వ్యాసం కోసం ఇక్కడ అడిగాను. వ్యాసం ఇచ్చేశాను. సాయం చేసిన అందరికీ కృతజ్ఞతలు.

ఏ అధ్యక్షుడికి ఎన్నేళ్ల అనుభవమో నేను రెండు రాత్రులు కూర్చుని వేసిన పట్టిక చివరికి ఎందుకూ కొరగాలేదు. లింకన్‌కు ముందు అధ్యక్షుడైన బుకానన్‌నూ, లింకన్‌నూ పక్కపక్కన పెట్టి చూడమన్న సలహాతోనే అది కుప్పకూలింది. బుకానన్ ప్రతినిధుల సభ, సెనేట్, విదేశాంగ శాఖ, రాయబారి పదవులు అన్నీ చూసినవాడు. 1861లో ఆయన దిగిపోయేలోపే ఏడు రాష్ట్రాలు దేశం నుంచి విడిపోతున్నట్లు ప్రకటించాయి. లింకన్ అంతకుముందు వాషింగ్టన్‌లో గడిపిందల్లా ప్రతినిధుల సభలో రెండేళ్లే.

ఎన్నేళ్లు అని కాదు, ఏ పనిలో అని అడగమన్నారు మా ప్రొఫెసర్. అక్కడే ముడి విడింది. లిండన్ జాన్సన్ అధ్యక్షుడు కాకముందు సెనేట్ మెజారిటీ నాయకుడిగా ఓట్లు లెక్కపెట్టడంలో ఆరితేరినవాడు. ఆయన అధ్యక్షుడిగా ఉండగానే 1964 జూన్ 10న, పౌరహక్కుల బిల్లును అడ్డుకోవడానికి సాగిన సాగదీత చర్చకు సెనేట్ 71–29 ఓట్లతో తెరదించింది, కావలసినవి 67. వియత్నాం యుద్ధంలో మాత్రం ఆ నేర్పు అక్కరకు రాలేదు.

గవర్నర్‌గా చేసినవాడు మెరుగైన అధ్యక్షుడవుతాడా, సెనేటర్‌గా చేసినవాడా అన్న వాదన వ్యాసంలోకి రానే లేదు. సైన్యం నుంచి వచ్చి అధ్యక్షుడైన ఐసెన్‌హోవర్ సంగతేమిటని అడిగినవారికి: ఆయన అంతకుముందు ఏ ఎన్నికా గెలవలేదు, నిజమే. కానీ రెండో ప్రపంచ యుద్ధంలో మిత్రదేశాల సేనానుల పంతాలను సర్దడం రాజకీయం కాక మరేమిటి?