గిని పెరిగితే పేదరిక ముప్పు పెరిగినట్టేనా? జర చెప్పండి

అన్నలకు, అక్కలకు నమస్తే. హన్మకొండల ఎంఏ ఎకనామిక్స్ చదువుతున్న. దేశాల మధ్య ఆదాయ అసమానత (దాన్ని కొలిచే అంకెనే గిని అంటరు), పేదరిక ముప్పు మీద ప్రాజెక్టు రాస్తూ ఒక్క దగ్గర ఆగిపోయిన.

యూరప్‌ల మధ్యగత ఆదాయంలో, అంటే సరిగ్గా నడుమ ఉన్నవాళ్ల ఆదాయంలో, 60 శాతం కన్నా తక్కువ వస్తే పేదరిక ముప్పు అంటరు. చెక్ దేశంలో అసమానత తక్కువ, ముప్పూ తక్కువ. బల్గేరియాలో రెండూ ఎక్కువ. కానీ రెండు కొలతలూ ఒకే ఆదాయ పంపిణీ నుంచి పుట్టినవే కదా! ఇది నిజమైన సంబంధమా, లెక్క తెచ్చిపెట్టిందా?

మా గల్లీల ఐదిళ్లకు నెలకు 8, 10, 12, 15, 18 వేలు అనుకోండి. నడిమి ఇంటి 12 వేలల్ల 60 శాతం, అంటే ముప్పు గీత 7,200. కింద ఎవ్వరూ లేరు. చివరి ఇంటికి 1,80,000 వచ్చినా గిని ఎగబాకుతది గానీ గీత కదలదు. ఆ మొదటి ఇల్లు మాదే అనుకోండి. బాపు ఎనుమాముల మార్కెట్ల హమాలీ. మిర్చి సీజన్ల చేతులు ఎన్నిసార్లు కడిగినా మంట పోదు, కొబ్బరినూనె రాసుకొని పడుకుంటడు. ఆయన ముప్పులో లేడని రాయడానికి నాకు చెయ్యి వస్తలేదు.

గినికి బదులు మధ్యగత ఆదాయాన్ని కింది నుంచి పదో శాతం దగ్గరున్న ఆదాయంతో భాగించి చూడొచ్చా? ఇంకోటి, మన దేశంలో ఎక్కువగా వాడేది ఖర్చు సర్వే, యూరప్‌ది ఆదాయ సర్వే. ఖర్చులో తేడాలు మామూలుగా తక్కువే కనిపిస్తయి. రెండిటినీ ఒకే పట్టికలో పెడితే తప్పా? ఇట్లాంటి పని చేసినోళ్లుంటే చెప్పండి, వైవా దగ్గరపడ్డది.