పాత రూటర్‌తో మిద్దె మీదికి నెట్ వచ్చింది, కానీ కింది ఫోన్లకి ప్రింటర్ దొరకడం లేదు

తిరుచానూరు డీటీపీ:

అందరికీ నమస్కారం. మాది తిరుచానూరు. కింద కాపురం, మిద్దె మీది గదిలో నా డీటీపీ పని. శుభలేఖలు, గృహప్రవేశం కార్డులు, స్కూలు ప్రశ్నపత్రాలు చేసిస్తాను. ఫైబర్ బాక్సు కింద హాల్లో టీవీ పక్కన బిగించారు. పైనున్న కంప్యూటర్‌లో వైఫై లేదు, లేజర్ ప్రింటర్‌కి కూడా లాన్ (నెట్ కేబుల్) పోర్టు ఒక్కటే. అద్దె ఇల్లు కాబట్టి గోడకి బెజ్జం వేయడానికి ఓనరు ఒప్పుకోరు. బయట నుంచి కేబుల్ లాగుదామంటే కోతులు ఉంచవు, పక్కింటివాళ్ల డిష్ వైరు ఏమైందో చూస్తూనే ఉన్నాం.

అందుకని బీరువా మీద ఉన్న పాత రూటర్‌ని దించి, మెట్ల మలుపులో కిటికీ గట్టు మీద పెట్టాను. అక్కడి నుంచి తలుపు సందులోంచి గదిలోకి రెండు కేబుళ్లు తీసుకున్నాను, ఒకటి కంప్యూటర్‌కి, ఒకటి ప్రింటర్‌కి. సెట్టింగ్స్‌లో రూటర్, యాక్సెస్ పాయింట్, రేంజ్ ఎక్స్‌టెండర్, డబ్ల్యూఐఎస్‌పీ అని నాలుగు మోడ్‌లు ఉన్నాయి. డబ్ల్యూఐఎస్‌పీలో కింది వైఫై పేరు ఎంచుకుని పాస్‌వర్డ్ కొడితే నెట్ వచ్చేసింది. పై కంప్యూటర్ నుంచి ప్రింట్ కూడా చక్కగా వస్తోంది.

ఇబ్బంది ఎక్కడంటే, కింద ఉన్న ఏ ఫోన్‌కీ ఆ ప్రింటర్ కనిపించడం లేదు. కస్టమర్లు వచ్చేది కిందికే. నేను పిల్లల్ని తీసుకురావడానికి వెళ్లినప్పుడు వాట్సాప్‌లో వచ్చిన పీడీఎఫ్‌ని మా అత్తయ్య తన ఫోన్ నుంచే ప్రింట్ కొట్టేయాలని నా ఆశ. ఆమె మోకాళ్లతో మెట్లెక్కలేరు. పై కంప్యూటర్ ఐపీ (నెట్‌వర్క్‌లో దాని అడ్రసు) 192.168.0.100, నా ఫోన్‌ది 192.168.1.7. శ్రావణ మాసం ముహూర్తాల ఆర్డర్లు మొదలయ్యాయి, టెన్షన్‌గా ఉంది. కొత్త ప్రింటర్ కొనకుండా దారి చెప్పండి.

కొర్లగుంట కుర్రాడు:

అక్కా, ఇంత తిప్పలెందుకు? కంప్యూటర్‌కి యూఎస్‌బీ వైఫై డాంగిల్ పెట్టేయండి, అయిపోతుంది.

తిరుచానూరు డీటీపీ:

డాంగిల్ కంప్యూటర్‌కి సరిపోతుంది తమ్ముడూ, ప్రింటర్‌కి లాన్ తప్ప వేరే దారి లేదు. కంప్యూటర్ ఆపేసి ఉన్నప్పుడు కూడా ప్రింట్ రావాలి, అదే కావాలి నాకు.

చిత్తూరు ల్యాబ్:

మేడమ్, చిత్తూరులో కాలేజీ కంప్యూటర్ ల్యాబ్ చూసుకుంటాను. ఈ సమస్య మా దగ్గరికి చాలాసార్లు వచ్చింది. మీరు రాసిన రెండు ఐపీల్లోనే జవాబు ఉంది. మూడో అంకె చూడండి, పైన 0, కింద 1. అంటే మీ ఇంట్లో ఇప్పుడు రెండు వేర్వేరు నెట్‌వర్క్‌లు ఉన్నాయి. డబ్ల్యూఐఎస్‌పీ మోడ్‌లో పాత రూటర్ పైవాటన్నిటినీ తన వెనక దాచి, కింది రూటర్‌కి (మీ ఫైబర్ బాక్సుకి) తానొక్కటే కనిపిస్తుంది. పైనుంచి కిందికి, బయటికి వెళ్లడానికి అడ్డు లేదు కాబట్టి మీకు నెట్ వస్తోంది. కింది నుంచి పైకి మాత్రం తలుపు మూసి ఉంది. పైగా ఫోన్ ప్రింటర్‌ని వెతికేటప్పుడు 224.0.0.251 అనే మల్టీకాస్ట్ అడ్రసుకి కేక వేస్తుంది. ఆ కేక తన నెట్‌వర్క్ దాటి పోదు.

మీకు కావలసింది బ్రిడ్జ్. పైనా కిందా ఒకే నెట్‌వర్క్, ఐపీలు పంచేది కింది రూటర్ ఒక్కటే. మీ నాలుగు మోడ్‌లలో ఆ పని చేసేది రేంజ్ ఎక్స్‌టెండర్. పేరు చూసి వైఫై పెంచడానికే అనుకుంటారు గానీ, దాని లాన్ పోర్టులో కేబుల్ పెడితే అది క్లయింట్ బ్రిడ్జ్ (వైఫైని అందుకుని కేబుల్‌కి ఇచ్చేది) లాగే పని చేస్తుంది. యాక్సెస్ పాయింట్ మోడ్ జోలికి పోవద్దు, దానికి కింది నుంచి కేబుల్ కావాలి. ఎక్స్‌టెండర్ వైఫై వాడితే స్పీడ్ సగానికి పడుతుందని భయపెడతారు. అది నిజమే, ఒకే రేడియో అటూ ఇటూ మాట్లాడాలి కాబట్టి. మీరు పైన వాడేది కేబుల్ మీదే, కాబట్టి ఆ బాధ లేదు.

మోడ్ మార్చాక పాత రూటర్‌లో డీహెచ్‌సీపీ (ఐపీలు పంచే పని) ఆగిందో లేదో చూడండి. ఇంట్లో ఐపీలు పంచేవి రెండు ఉంటే ఒక రోజు పని చేస్తుంది, ఒక రోజు చేయదు, కారణం పట్టుకోవడానికి ప్రాణం పోతుంది. కింది వైఫైలో గెస్ట్ నెట్‌వర్క్‌కి మాత్రం కలపకండి, అందులో ఒకదానికొకటి కనిపించకుండా కట్టడి ఉంటుంది.

ఇక ప్రింటర్. మామూలుగా అయితే కింది రూటర్‌లో దాని మ్యాక్ అడ్రసు (పరికరానికి తయారీలోనే ఇచ్చే గుర్తింపు సంఖ్య) మీద ఐపీ రిజర్వ్ చేయమంటాను. మీ విషయంలో అది నమ్మదగింది కాదు. సాధారణ వైఫై కనెక్షన్‌లో ఒక క్లయింట్‌కి ఒక మ్యాకే ఉంటుందని కింది రూటర్ లెక్క. అందుకే చాలా ఎక్స్‌టెండర్లు వెనకున్న పరికరాల మ్యాక్‌ల బదులు తమది చూపిస్తాయి. (డబ్ల్యూడీఎస్ అనే నాలుగు అడ్రసుల పద్ధతిలో అసలు మ్యాక్‌లే వెళ్తాయి, కానీ రెండు రూటర్లూ దానికి ఒప్పుకోవాలి.) కాబట్టి ప్రింటర్ మెనూలోనే చేత్తో ఐపీ ఇవ్వండి. కింది రూటర్ పంచే వరసని 199తో ఆపేసి, ప్రింటర్‌కి 192.168.1.220, సబ్‌నెట్ 255.255.255.0, గేట్‌వే 192.168.1.1 పెట్టండి. తర్వాత ఫోన్ బ్రౌజర్‌లో 192.168.1.220 కొట్టండి. ప్రింటర్ పేజీ తెరుచుకుంటే దారి పడినట్టే.

రేణిగుంట రోడ్డు:

పైన చెప్పింది సరైనది. ఒకటి కలుపుతాను. పాత రూటర్‌కి 2.4 గిగాహెర్ట్జ్ ఒక్కటే ఉంటే, కింది రూటర్‌లో 2.4కి వేరే పేరు పెట్టి, సెక్యూరిటీ డబ్ల్యూపీఏ2 ఉంచండి. డబ్ల్యూపీఏ3 ఒక్కటే ఉంటే పాతది అసలు కలవదు. తిరుచానూరులో గుడి చుట్టూ లాడ్జీల వైఫైలు కిక్కిరిసి ఉంటాయి కాబట్టి ఛానల్‌ని ఆటోలో వదలకండి. ఫోన్‌లో వైఫై అనలైజర్ యాప్‌తో చూసి 1, 6, 11లో ఖాళీగా ఉన్నది పెట్టండి.

ఈ మోడ్‌లు లేని రూటర్ ఉన్నవాళ్లకి, కంపెనీ సాఫ్ట్‌వేర్ బదులు రూటర్‌లో వేసుకునే డీడీ-డబ్ల్యూఆర్‌టీలో క్లయింట్ బ్రిడ్జ్ అని నేరుగానే ఉంది. అలాంటిదే ఓపెన్ డబ్ల్యూఆర్‌టీలో అయితే రిలేడీ అనే ప్రోగ్రామ్ వేసుకోవాలి, అది ఐపీవీ4కే (192.168 లాంటి అడ్రసులకే). కాకపోతే 4 ఎంబీ ఫ్లాష్, 32 ఎంబీ ర్యామ్ ఉన్న పాత బాక్సులకి 19.07 వెర్షన్ తర్వాత ఓపెన్ డబ్ల్యూఆర్‌టీ అధికారికంగా రావడం లేదు, చూసుకుని దిగండి.

తిరుచానూరు డీటీపీ:

అన్నలిద్దరికీ చాలా థ్యాంక్స్. మోడ్ మార్చి, ప్రింటర్‌కి ఐపీ ఇచ్చాను. అత్తయ్య ఫోన్‌లో ప్రింట్ నొక్కగానే ప్రింటర్ పేరు దానంతటదే వచ్చింది. వ్రత ఆహ్వానం ఒకటి ఆమే కొట్టి, పైనుంచి నన్ను తెమ్మన్నారు! ఒక్క సందేహం. ఇక్కడ కరెంటు పోయి వస్తుంటుంది. వచ్చాక ప్రింటర్ బాగానే ఉంటోంది, కంప్యూటర్‌కి మాత్రం 169.254తో మొదలయ్యే ఐపీ వచ్చి నెట్ ఉండటం లేదు.

చిత్తూరు ల్యాబ్:

కింది రూటర్ లేచి, పైది దానికి కలిసేలోపే కంప్యూటర్ ఐపీ అడిగేస్తోంది మేడమ్. ఎవరూ ఇవ్వకపోతే విండోస్ తనకు తానే 169.254 పెట్టుకుంటుంది. అప్పటికి కేబుల్ ఒకసారి తీసి పెట్టండి. శాశ్వతంగా పోవాలంటే కంప్యూటర్‌కి కూడా 192.168.1.221 అని చేత్తో ఇచ్చేయండి, డీఎన్ఎస్ (సైట్ల పేర్లకి ఐపీలు చెప్పేది) గడిలో 192.168.1.1 వేయడం మర్చిపోవద్దు. ఇన్వర్టర్ ఉంటే ఫైబర్ బాక్సునీ, మెట్ల మలుపులో ఉన్న రూటర్‌నీ రెండింటినీ దాని మీదే పెట్టండి.