చేశాడు, చేస్తాడు: రెండు ‘ఆ’ల తేడా కొలిచేదెలా?

ప్రశ్న: చేశాడు, కొట్టాడు, వెళ్ళాడు. వీటిలో రాసేది ‘ఆ’ దీర్ఘమే అయినా కోస్తా వాళ్ళ నోట వచ్చేది అది కాదు, బ్యాగు, ట్యాపు మాటల్లో వినిపించే అచ్చు. చేస్తాడు, కొట్టాలి అన్నప్పుడు మాత్రం మామూలు ‘ఆ’. విజయవాడలో పెద్దవాళ్ళకీ కుర్రకారుకీ, తెలుగు మీడియం వాళ్ళకీ ఇంగ్లీషు మీడియం వాళ్ళకీ ఈ అచ్చు పలకడంలో తేడా ఉందేమో కొలిచి చూడాలనుంది. చెవిని నమ్ముకోకుండా చేసే పద్ధతి చెప్పగలరా?

జవాబు: మొట్టమొదట, కాగితం ఇచ్చి చదివించకండి. మన లిపిలో ఈ అచ్చుకి గుర్తు లేదు. ‘చేశాడు’ అని రాసి ఉంటే జాగ్రత్తగా చదివే మనిషి దీర్ఘం చూసి ‘ఆ’ అనేస్తాడు, బడి చదువు ఎక్కువైన కొద్దీ ఇంకా ఎక్కువ. అప్పుడు మీరు కొలిచేది మాటని కాదు, చదివే తీరుని. బొమ్మ చూపించి ‘ఈ అబ్బాయి ఏం చేశాడు?’ అన్నా, మీ నోటి అచ్చునే వాళ్ళు తిరిగి అంటారు. ‘నిన్న జరిగింది చెప్పండి’ అని వదిలేయండి. 1962లో విలియం లబోవ్ అనే భాషాశాస్త్రవేత్త న్యూయార్క్ డిపార్ట్‌మెంట్ స్టోర్లలో నాలుగో అంతస్తులో దొరికే సరుకు ఎక్కడుందని అడిగి, గుమాస్తాల చేత ‘ఫోర్త్ ఫ్లోర్’ అనిపించి, వాళ్ళు ‘ర్’ పలుకుతున్నారా లేదా అని గమనించారు. తాను ఆ మాట అనకుండా ఎదుటివాళ్ళ చేత అనిపించడమే అందులోని కిటుకు.

రికార్డింగు వేవ్ ఫైలుగా, 44,100 హెర్ట్జ్, 16 బిట్‌లో చేయండి. మైకు నోటికి జానెడు దూరంలో, కాస్త పక్కకి. వాట్సాప్ వాయిస్ మెసేజీలు పనికిరావు, కుదింపులో ధ్వని వివరం పోతుంది. మామూలు ఫోన్ కాల్ అయితే 300 హెర్ట్జ్ కింది భాగం కోసేస్తుంది, దాంతో ఇ, ఉ లాంటి అచ్చుల ఎఫ్1 ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తుంది. (అచ్చు పలికేటప్పుడు నోటి గొట్టంలో కొన్ని పౌనఃపున్యాలు బలపడతాయి, వాటిని ఫార్మెంట్లు అంటారు. మొదటిది ఎఫ్1, రెండోది ఎఫ్2.)

ఇంకొకరు: కొలత గురించి నేను చెప్తానండి. నోరు తెరిచిన కొద్దీ ఎఫ్1 పెరుగుతుంది, నాలుక ముందుకి వచ్చిన కొద్దీ ఎఫ్2 పెరుగుతుంది. మీ రెండు అచ్చులకీ నోరు బాగా తెరుచుకుంటుంది కాబట్టి అసలు తేడా ఎఫ్2లో కనిపించాలి.

ప్రాట్ అనే ధ్వని విశ్లేషణ సాఫ్ట్‌వేరులో 5 ఫార్మెంట్లు, కిటికీ (ఒక్కోసారి చూసే ధ్వని ముక్క) 0.025 సెకను పెట్టండి. ఫార్మెంట్లు వెతికే పై హద్దు మగవాళ్ళకి 5000, ఆడవాళ్ళకి 5500 హెర్ట్జ్ దగ్గర మొదలుపెట్టి, అది గుర్తించిన ఫార్మెంట్లకి వేసే ఎర్ర చుక్కలు ధ్వని బొమ్మలోని నల్లటి పట్టీల మీద పడుతున్నాయో లేదో కళ్ళతో చూడండి. హద్దు తప్పితే ఓ, ఊల ఎఫ్1, ఎఫ్2 కలిసిపోయి ఒకటే చుక్కగా వస్తాయి. వాక్యం చివర గొంతు గరగరలాడే చోట కూడా చుక్కలు చెదిరిపోతాయి, ‘చేశాడు’ అక్కడే ఎక్కువగా వస్తుంది. అందుకే ‘చేశాడు గానీ’, ‘కొట్టాడంట’ లాంటివి ఏరుకోండి. 50 మిల్లీసెకన్ల కన్నా పొట్టి అచ్చులు వదిలేయండి.

అచ్చుకి ముందున్న హల్లే అన్నిటికన్నా ఎక్కువ మోసం చేస్తుంది. చ, శ తర్వాత ‘ఆ’ లాంటి అచ్చు వస్తే దాని మొదట్లో ఎఫ్2 పైకి లేచి ఉంటుంది. ‘వచ్చాడు’లో అచ్చు మొదలు కొలిచి ‘ఎంత ముందుకొచ్చిందో’ అనుకుంటే అది చకార ప్రభావమే. మధ్య బిందువులో కొలవండి. ‘చేశాడు’ని కొందరు స తోనూ కొందరు శ తోనూ పలుకుతారు, అదీ రాసిపెట్టుకోండి. అందుకే నా ఓటు కొట్టాడు–కొట్టాలి, కట్టాడు–కట్టాలి, పెట్టాడు–పెట్టాలి జతలకి. ముందు హల్లు ఒక్కటే, ట్ట.

జవాబు: సాఫ్ట్‌వేరుతో అచ్చుల హద్దులు పెట్టించేటప్పుడు ఒక చిక్కుంది. దాని ఉచ్చారణ పట్టిక రాతనుంచి తయారవుతుంది కాబట్టి రెండిటికీ ఒకే గుర్తు వేస్తుంది. విడదీయండి, అయితే విని కాదు. విని ‘ఇది బ్యా లాంటిది’ అని గుర్తువేస్తే, తేలాల్సిన సంగతిని ముందే ఒప్పుకున్నట్టు. వ్యాకరణం చూసి వేయండి: భూతకాలం ఒక గుర్తు, మిగతావి ఇంకో గుర్తు.

ప్రశ్న: మగ, ఆడ గొంతుల్ని నేరుగా పోల్చవచ్చా?

ఇంకొకరు: కూడదండి. గొంతు నుంచి పెదవుల దాకా గొట్టం మగవాళ్ళలో సుమారు 17 సెంటీమీటర్లు, ఆడవాళ్ళలో అంతకన్నా పొట్టి. హెర్ట్జ్‌లో పోల్చితే శరీరాన్ని కొలిచి యాస అనుకుంటాం. 1971లో లొబానొవ్ చెప్పిన పద్ధతి వాడండి: ఒక మనిషి అచ్చులన్నిటి ఎఫ్2 సగటు తీసి, కొలతలోంచి అది తీసేసి, ప్రామాణిక విచలనంతో (కొలతలు సగటు చుట్టూ ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే అంకె) భాగించాలి. ఒకాయనకి సగటు 1500, విచలనం 400 అనుకుందాం. ఆయన ‘కొట్టాడు’ 1700 వస్తే 0.5. ఒకావిడకి సగటు 1750, విచలనం 480, ఆవిడది 1990 వస్తే అదీ 0.5. హెర్ట్జ్‌లో 290 తేడా, పలుకులో తేడా సున్నా.

దీనికి ఒక షరతు. ఇ, ఈ, ఉ, ఊ, ఎ, ఏ, ఒ, ఓ అన్నీ ప్రతి మనిషి దగ్గరా ఇంచుమించు ఒకే లెక్కలో ఉండాలి, ఒక్కోటి కనీసం పది. ఒకరివి ‘ఆ’లే ఎక్కువైతే సగటు అటు జరిగిపోతుంది. ముందు ఒక్కో అచ్చుకి సగటు తీసి, ఆ సగటుల మీద లెక్క కడితే ఈ బెడద తగ్గుతుంది.

జవాబు: మనుషుల సంఖ్య మాట. రెండు వయసులు, రెండు లింగాలు, రెండు మీడియంలు అంటే ఎనిమిది గళ్ళు. గడికి ఐదుగురైనా 40 మంది. ఒక్కొక్కరివి 20 కొలతలుంటే 800 వస్తాయి గానీ వాటిని 800 మందిలా లెక్కించకూడదు. మనిషినీ పదాన్నీ విడిగా పరిగణించే గణాంక పద్ధతి, మిశ్రమ నమూనానే వాడాలి. ఒక్కో మనిషిలో రెండు అచ్చులు ఎంత విడిగా ఉన్నాయో చెప్పడానికి పిళ్లై స్కోరు ఉంది, 0 అంటే కలిసిపోయాయి, 1 అంటే పూర్తిగా వేరు. కొలతలు తక్కువైతే ఇది ఊరికే పెరిగిపోతుంది, కాబట్టి అందరి దగ్గరా సమానంగా తీసుకోండి.

ప్రశ్న: ఇదే పని హైదరాబాదులో చేస్తే?

జవాబు: చేసిండు, కొట్టిండు అనేవాళ్ళకి అక్కడ ఈ అచ్చే లేదు. వాళ్ళని ‘తేడా లేనివాళ్ళు’ అనే గడిలో వేస్తే మొత్తం లెక్క తప్పుతుంది. వాళ్ళ దగ్గర బ్యాగు, ట్యాపు లాంటి అరువు మాటల్లో కొలవండి. బ్యాంకు వద్దు, పక్కనున్న అనునాసికం (ముక్కుతో పలికే ధ్వని) ఎఫ్1ని చెడగొడుతుంది. రెండు రూపాల మధ్యా మారుతూ మాట్లాడేవాళ్ళుంటే ‘చేసిండు’ ఎన్నిసార్లు, ‘చేశాడు’ ఎన్నిసార్లు అన్నది విడిగా లెక్కపెట్టండి, అచ్చు కొలత రెండోదాని మీదే. ఎక్కడ పుట్టారని కాదు, బడి వయసులో ఎక్కడ పెరిగారని అడగండి.