చీము పట్టిన రూట్ కెనాల్ పన్ను: మళ్ళీ చేయించాలా, పీకించేయాలా?

కావలి టీచర్:
2019లో కింద ఎడమ దవడ పన్నుకి రూట్ కెనాల్ చేయించి క్యాప్ వేయించుకున్నాను. ఇన్నేళ్ళూ దాని ఊసే లేదు. మూడు నెలల కింద పళ్ళు తోముకుంటుంటే ఆ పన్ను పక్కన చిగురు మీద మెంతి గింజంత పొక్కు తగిలింది. వేలితో నొక్కితే ఉప్పగా ఏదో నోట్లోకి వచ్చి అణిగిపోయింది. వారానికల్లా మళ్ళీ లేచింది. నొప్పి లేదు కదా అని ఊరుకున్నాను.

కావలిలో చూపిస్తే ఎక్స్‌రే తీసి, వేరు కొస దగ్గర ఎముక కరిగిన నల్లటి మచ్చ చూపించి, "ఒకసారి ఫెయిలైంది మళ్ళీ ఫెయిలవుతుందమ్మా, పీకించి ఇంప్లాంట్ (ఎముకలో మర బిగించి పెట్టే పన్ను) వేయించుకోండి" అన్నారు. నెల్లూరులో రూట్ కెనాల్ స్పెషలిస్టుకి అదే ఎక్స్‌రే ఇస్తే "పీకితే తిరిగి రాదు, ముందు మళ్ళీ చేసి చూద్దాం" అన్నారు. మళ్ళీ చేసి కొత్త క్యాప్ వేయడానికి 15,000 చెప్పారు. ఇంప్లాంట్‌కి 30,000 అవుతుందట. మా ఆయనేమో "చచ్చిన పన్ను మీద ఇంకా ఎంత పోస్తావు" అంటున్నారు. నాకు డబ్బు కంటే ఎక్కువ టెన్షన్, ఒకే ఎక్స్‌రే చూసి ఇద్దరు రెండు మాటలు చెప్పడం. అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి.

పొదిలి మాస్టారు:
పీకించేయండమ్మా. నాది పై దవడ పన్ను. మొదటిసారి చేయించిన ఏడాదిన్నరకే వాచింది. రెండోసారి ఒంగోలులో చేయించాను. నాలుగు సిట్టింగులు, నాలుగు సెలవులు. క్యాప్ వేసిన రెండేళ్ళకి చిగురు మళ్ళీ ఉబ్బింది. చివరికి పీకితే వేరు నిలువునా చీలి ఉంది. డాక్టర్ గారు గుడ్డ మీద పెట్టి చూపించారు. వెంట్రుకంత గీత, పై నుంచి కొస దాకా, దాని వెంబడే నల్లగా. ఆ పగులు మొదటి నుంచీ ఉందో మధ్యలో వచ్చిందో ఎవరూ చెప్పలేకపోయారు. అసలే మా వైపు ఫ్లోరైడ్ నీళ్ళ పళ్ళు, గుంటలు పడి పెచ్చులు లేస్తాయి. అలాంటి పన్నుని రెండోసారి తవ్వడం నాకు నచ్చదు.

కందుకూరు అక్క:
మాస్టారూ, మీ బాధ అర్థమైంది కానీ పీకించాక ఏమవుతుందో కూడా చెప్పాలి కదా. నేను ఎనిమిదేళ్ళ కింద ఇదే పన్ను పీకించాను. "తర్వాత ఏదో ఒకటి పెట్టించుకుందాం" అనుకున్నాను. పిల్ల కాలేజీ ఫీజు, మా అత్తగారి ఆపరేషన్, ఆ తర్వాత అనేది రానే లేదు. ఇప్పుడు వెనక పన్ను ఆ సందులోకి ఒరిగింది. ఒరిగిన చోట ప్రతి పూటా అన్నం, పీచు ఇరుక్కుంటాయి. పైన ఉన్న పన్ను కిందికి దిగింది. దాని వేరు బయటపడి చల్లటి నీళ్ళు తాగితే జివ్వుమంటుంది. ఒక పన్ను పీకిస్తే మూడు పళ్ళ గొడవయింది. ఇప్పుడు ఇంప్లాంట్ వేద్దామన్నా ఎముక కరిగింది, ముందు ఎముక పొడి పెట్టాలంటున్నారు. టీచర్ గారూ, పీకించేట్టయితే ఆ ఖాళీలో ఏం పెట్టిస్తారో, ఎప్పుడు పెట్టిస్తారో తేల్చుకున్నాకే పీకించండి.

నెల్లూరు డెంటిస్ట్:
నేను దంతవైద్యుణ్ణి. పన్ను చూడకుండా ఇది చేయించండి అని చెప్పలేను. ఏది అడగాలో చెప్తాను.

ఆ పొక్కు చీము బయటికి రావడానికి శరీరం చేసుకున్న దారి. చీము కారిపోతుంది కాబట్టే నొప్పి లేదు. నొప్పి లేదని లోపల అంతా బాగుందనుకోకండి. యాంటిబయాటిక్ వాడితే పొక్కు కొన్నాళ్ళు అణుగుతుందేమో గానీ మూలం పోదు. నరం తీసేసిన పన్ను లోపలికి రక్తం వెళ్ళదు, రక్తం వెళ్ళని చోటికి మందూ వెళ్ళదు.

మీ ఇద్దరు డాక్టర్లూ ఏం చేయాలో చెప్పారు. మొదటిసారి చేసింది ఎందుకు ఫెయిలైందో చెప్పారా? అసలు ప్రశ్న అది. కింది మొదటి దవడ పన్నుకి సాధారణంగా రెండు వేర్లు, మూడు కెనాల్స్ (వేరు లోపల నరం ఉండే సన్నటి గొట్టాలు) ఉంటాయి. చాలామందికి వెనక వేరులో ఇంకోటి దాగి నాలుగుంటాయి. పై పన్నులో అయితే బుగ్గ వైపు ముందు వేరులో రెండో కెనాల్ తప్పిపోవడం మేం రోజూ చూసేదే. అలా ఒకటి మిగిలిపోయినా, కెనాల్‌లో నింపిన మందు వేరు కొస దాకా చేరకపోయినా, క్యాప్ అంచు కింద నుంచి ఎంగిలి లోపలికి దిగినా మళ్ళీ చేయడంలో అర్థం ఉంది. తప్పేమిటో తెలుస్తుంది, దిద్దవచ్చు. వేరు నిలువునా చీలితే మాత్రం ఎంత గొప్ప డాక్టరు చేసినా నిలవదు. ఒంటి వేరు పన్నైతే అక్కడితో సరి. దవడ పళ్ళలో చీలిన వేరొక్కటే కోసి తీయడం అరుదుగా కుదురుతుంది.

చిగురు చుట్టూ సన్నటి కొలత పుల్లతో చూడమనండి. చుట్టూ 2, 3 మిల్లీమీటర్లు దిగే పుల్ల ఒక్కచోట మాత్రం సర్రున 8, 9 దిగితే పగులు అనుమానించాలి. పొక్కు రంధ్రంలోకి గులాబీ రంగు సన్నటి గట్టా పెర్చా (కెనాల్ నింపే రబ్బరు లాంటి పదార్థం) పుల్ల జొనిపి ఎక్స్‌రే తీస్తే చీము ఏ వేరు నుంచి వస్తోందో తెలుస్తుంది. మూడు వైపుల నుంచీ చూపించే సీబీసీటీ స్కాన్ మీ కేసులో అవసరమే. ఇంకో మాట, క్యాప్ తీసి పుచ్చంతా శుభ్రం చేశాక చిగురు పైన చుట్టూతా దాదాపు 2 మిల్లీమీటర్ల గట్టి పన్ను మిగలాలి. అది లేకపోతే కెనాల్ ఎంత బాగా చేసినా పైన క్యాప్ నిలబడదు.

పొదిలి మాస్టారు:
డాక్టర్ గారూ, నాకూ ఆ స్కాన్ తీశారు. పగులు కనపడలేదు. మరి స్కాన్‌ని నమ్మి ఖర్చు పెట్టుకోమంటారా?

నెల్లూరు డెంటిస్ట్:
మీరన్నది నిజం మాస్టారూ. సన్నటి పగులు స్కాన్‌లో చాలాసార్లు దొరకదు. లోపలి ఫిల్లింగ్, లోహపు క్యాప్ మెరుపుకి అది మరుగున పడుతుంది. పగులు చుట్టూ ఎముక తిన్న తీరు చూసి అనుమానించగలం, అంతే. అందుకే నా పేషెంట్లతో ముందే మాట్లాడుకుంటాను. మొదటి సిట్టింగ్‌లో క్యాప్, పాత మందు తీసి మైక్రోస్కోప్ కింద చూస్తాం. పగులు కనిపిస్తే అక్కడే ఆపేస్తాం. అప్పటిదాకా అయిన పనికే ఫీజు. టీచర్ గారూ, ఈ ఒప్పందం మొదలుపెట్టకముందే అడగండి. పన్ను చుట్టూ రబ్బరు షీటు బిగించి చేస్తారా అని కూడా అడగండి. అది లేకుండా చేస్తే ఒకవైపు కడుగుతుంటే ఇంకోవైపు ఎంగిలి దిగుతుంటుంది.

కొండపి రైతు:
మా నాన్నకీ ఇదే సమస్య. షుగర్ ఉంది, రోజుకి కట్ట బీడీలు. ఇంప్లాంట్ అయితే జీవితాంతం బాధ లేదన్నారు ఒకచోట. నిజమేనా సార్?

నెల్లూరు డెంటిస్ట్:
జీవితాంతం అని ఎవరూ రాసివ్వలేరు తమ్ముడూ. ఇంప్లాంట్‌కి పుచ్చు పట్టదు గానీ చుట్టూ చిగురు, ఎముక చెడతాయి. షుగర్ అదుపులో లేకపోయినా, పొగ మానకపోయినా ఆ ముప్పు పెరుగుతుంది. ఎముకలు గుల్లబారకుండా ఇచ్చే ఇంజెక్షన్లో మాత్రలో వాడుతుంటే పీకించే ముందు తప్పకుండా చెప్పాలి. పీకిన చోట మానకపోవచ్చు.

కావలి టీచర్:
మూడు వారాల తర్వాత రాస్తున్నాను. కొలత పుల్ల ఎక్కడా లోతుగా దిగలేదు. స్కాన్‌లో వెనక వేరు దగ్గరే మచ్చ ఎక్కువగా ఉంది. పగులుంటే ఆపేయాలని మా స్పెషలిస్టు డాక్టర్ గారిని ముందే అడిగాను, సరేనన్నారు. క్యాప్ తీశాక స్క్రీన్ మీద నాకు కూడా చూపించారు. పాత ఫిల్లింగ్ గులాబీ చుక్కలు మూడు, వెనక చుక్క పక్కనే సూది మొనంత నల్లటి చుక్క. అది ఎవరూ ముట్టని నాలుగో కెనాల్. పగులు లేదు. కాల్షియం మందు పెట్టి రెండు వారాలు ఆగమన్నారు.

పొక్కు పదో రోజుకి ఎండిపోయింది. ఇప్పుడు నొక్కితే ఏమీ రావడం లేదు. మచ్చ పూర్తిగా పూడటానికి ఏడాదో, అంతకన్నా ఎక్కువో పడుతుందట. ఆరు నెలలకి ఒక ఎక్స్‌రే, ఏడాదికి ఇంకోటి తీస్తామన్నారు.

పొదిలి మాస్టారు:
సంతోషం అమ్మా. నా మాట మాత్రం ఇప్పుడే మార్చుకోను. నాకూ రెండేళ్ళు బాగానే ఉంది. ఏడాది ఎక్స్‌రే వచ్చాక ఇక్కడ తప్పకుండా పెట్టండి.

కావలి టీచర్:
పెడతాను మాస్టారూ. మచ్చ పెరిగినా పెడతాను. మొన్న ఫిల్లింగ్ అయింది, క్యాప్ కొలతలకి శుక్రవారం వెళ్తున్నాను.